పుల్ల అడ్డొస్తే గుండు ఎటు పోతుంది? తుప్పల్లో జింక వేట, లీవర్ రైఫిల్

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో నవంబరు అడవి ఆకు రాల్చి బోసిగా ఉంటుందనుకుంటే పొరపాటు. పెద్ద చెట్ల కింద ఏడాది పొడవునా పచ్చగా ఉండే హెమ్లాక్ పిల్లచెట్లు, ముళ్ల తీగలు, ఒకసారి నరికేశాక మొదళ్ల నుంచి గుత్తులుగా లేచిన సన్న కొమ్మలు మనిషి ఎత్తున అల్లుకుని ఉంటాయి. అందులో ముప్పై గజాల అవతల నిలబడిన జింక జింకలా కనబడదు. ఒక చెవి కదులుతుంది. తడి ముక్కు నల్లగా మెరుస్తుంది. అన్నీ నిలువు గీతలే ఉన్నచోట ఒక అడ్డగీత పొసగకుండా కనిపిస్తుంది. అది దాని వీపు. ఈ మూడు ముక్కలనూ కలిపి జింకను పోల్చుకునే లోపే తెల్లతోక పైకి లేస్తుంది. రెండు గంతుల్లో అంతా ఖాళీ.

ఇలాంటి చోటికి ఏ తుపాకి తీసుకెళ్లాలని అడిగితే అక్కడి పాతకాలపు వేటగాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే చాలు, ఖాళీ తొడుగు బయట పడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. విన్‌చెస్టర్ 94, మార్లిన్ 336 ఈ రకంలో అందరికీ తెలిసిన పేర్లు. వీటిని ముద్దుగా ‘బ్రష్ గన్’ అంటారు, అంటే తుప్పల తుపాకి. ఆ పేరుకు ఇది తగినదే. కానీ ఎందుకు తగినదో చెప్పేటప్పుడే కథ పక్కదారి పడుతుంది. దీని గుండు బరువైనది, మొద్దు మూతిది, నిదానంగా పోయేది, కాబట్టి పుల్లలను విరుచుకుంటూ సూటిగా జింకను చేరుతుందని చాలామంది నమ్మకం. తుపాకి కష్టపడి సంపాదించుకున్న మంచిపేరును గుండు ఖాతాలో వేయడమే ఇది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం.

ముందు ఆ మొద్దు మూతి సంగతి చూడాలి. అది తుప్పల కోసం పుట్టినది కానే కాదు. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన రైఫిల్, అదే విన్‌చెస్టర్ 94, 1894లో వచ్చింది. మరుసటి ఏడాది దానికి .30-30 తూటా తోడైంది. పాత నల్ల తుపాకిమందు పోయి పొగరాని మందు వస్తున్న రోజులవి. ఆ కొత్త మందుతో అమెరికాలో వేట కోసం తయారైన తొలి చిన్న వ్యాసపు తూటా ఇదే. పేరులో మొదటి ముప్పై గుండు వ్యాసం, అంగుళంలో నూటికి ముప్పై వంతులు. రెండోది మొదట్లో పోసిన మందు బరువు, గ్రెయిన్లు అనే చిన్న తూనికలో.

ఈ రైఫిల్లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న మరో గొట్టంలో, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. వెనక తూటా మూతి ముందు తూటా అడుగుకు ఆనుతుంది. ఆ అడుగు నడిమధ్యనే ప్రైమర్ ఉంటుంది, దెబ్బ తగిలితే అంటుకునే చిన్న బిళ్ల. అక్కడ సూదిమొన గుండు ఆనితే, కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నే ఊపుకు గొట్టంలోనే తూటా పేలవచ్చు. అందుకని మూతిని చదునుగా చేశారు. అడవికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1899 నాటి రైఫిల్లో ఆర్థర్ సావేజ్ అనే తుపాకుల రూపకర్త ఆ గొట్టాన్నే వదిలేసి, తూటాలు ఇరుసు చుట్టూ తిరిగే మ్యాగజైన్, అంటే తూటాల అర, పెట్టి ఈ చిక్కును తప్పించాడు. గొట్టాన్ని వదలని రైఫిళ్లు మొద్దు మూతితోనే వందేళ్లు కాలం గడిపాయి. 2000ల మధ్యలో హార్నడీ అనే తూటాల సంస్థ నొక్కితే లొంగే మెత్తని మొన ఉన్న గుండ్లను తెచ్చాకే సూదిమూతి ఆ గొట్టంలోకి అడుగుపెట్టింది.

ఇక గుండు పోయే తీరు. .30-30లో ఎక్కువగా వాడే 170 గ్రెయిన్ల గుండు 11 గ్రాములు తూగుతుంది. బ్యారెల్ దాటేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 2,200 అడుగులు. బ్యారెల్ లోపలి మెలిక గాడులు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి, అంటే గుండు ఒక అడుగు ముందుకు పోయేలోపు తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. లెక్క వేస్తే సెకనుకు 2,200 చుట్లు. దాని మూతిని ముందుకే ఉంచేది ఆ తిరుగుడే. చిన్నప్పుడు బొంగరం ఆడినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. జోరు మీదున్న బొంగరానికి పక్క నుంచి చీపురుపుల్ల తగిలిస్తే అది పడిపోదు. తల ఊపడం మొదలుపెడుతుంది, ఉన్నచోటు వదిలి పక్కకు జారుతుంది. చిటికెనవేలు మందం కొమ్మ గుండుకు చేసేది కూడా అదే. కొమ్మను విరిచే బలం గుండుకు పుష్కలంగా ఉంది, కొమ్మ తుక్కుతుక్కు అవుతుంది. అయితే కొమ్మకు నట్టనడుమ తగలడం అరుదు, అంచును రాసుకుపోవడమే ఎక్కువ. అప్పుడు మూతి ఒక పక్కే నలుగుతుంది, గుండు కొద్దిగా ఒరుగుతుంది. ఒరిగిన గుండును గాలి ఇంకాస్త ఒరగదోస్తుంది.

చెక్క పుల్లలను వరుసలుగా పాతి, వెనక కాగితం కట్టి కాల్చి చూసిన ప్రయోగాలు అమెరికా వేట పత్రికల్లో దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. ఏ పుల్లకూ చలించని గుండు మాత్రం వాటిలో తేలలేదు. మహా వేగంతో పోయే తేలిక గుండ్లు కొన్ని దారిలోనే పగిలి ముక్కలవుతాయి. వాటితో పోలిస్తే పొడవుగా, బరువుగా, గట్టిగా ఉన్నవి కాస్త నయం. ఆ ‘కాస్త’ను నమ్ముకుని ట్రిగ్గర్ నొక్కడం మాత్రం తెలివైన పని కాదు. కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు, గుండు అడ్డంగా వచ్చి పడినట్టు పొడుగాటి చిల్లు కనిపించడం బరువైన వాటితోనూ మామూలే. దాదాపు చిటికెనవేలి మందం గుండును విసిరే .45-70 అనే పెద్ద తూటాకు కూడా ఇందులో మినహాయింపు లేదు.

ఏ గుండు అన్నదాని కన్నా పుల్ల ఎక్కడుంది అన్నది పెద్ద విషయం. లెక్క బడిపిల్లలు చేయగలిగినదే. పుల్ల తగిలి గుండు దారి రెండు డిగ్రీలు తప్పిందనుకుందాం. ఆ పుల్ల జింకకు రెండు మీటర్ల ముందుంటే గుండు పక్కకు పోయేది 7 సెంటీమీటర్లు. పది మీటర్ల ముందుంటే 35. ఇరవై మీటర్ల ముందుంటే 70. తెల్లతోక జింక ముందుకాలి వెనక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డకొలత ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్లు. నడుమకు పెట్టిన గురి 7 సెంటీమీటర్లు జరిగినా ఆ వలయంలోనే ఉంటుంది. 70 జరిగితే గుండు గాలిలో కలుస్తుంది, జింక బతికిపోతుంది. ఘోరమైనది నడిమి లెక్క. 35 సెంటీమీటర్లు జరిగిన గుండు పొట్టలోనో కాలిలోనో దిగుతుంది. అలా తగిలిన జింక పరుగెత్తి, గంటల తరబడి నరకం అనుభవించి, ఎవరికీ దొరకని చోట చస్తుంది.

ఇంత చిన్న లెక్కకు నిలవని నమ్మకం తరాల పాటు ఎలా బతికింది? తుప్పల్లో నిలబడ్డ జింక చుట్టూ ఉండే కొమ్మలు చాలాసార్లు దాని ఒంటికి ఆనుకునే ఉంటాయి. అవి గుండును తప్పించినా నాలుగు వేళ్ల వెడల్పే. జింక పడుతుంది. వెళ్లి చూస్తే దాని ముందు వేలెడు కొమ్మ తెగి వేలాడుతుంటుంది. ఆ రాత్రి వేట శిబిరంలో పొయ్యి దగ్గర చెప్పుకునేది ఆ కొమ్మ కథే. గురి తప్పిన రోజున దారిలో తెగిన కొమ్మ ఏదైనా ఉందా అని వెతికేవాళ్లు తక్కువ. జింక గెంతిందనో చెయ్యి వణికిందనో సరిపెట్టుకుని ఇంటిదారి పడతారు. కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ ముడిపెట్టడంలో అమెరికా పల్లెలు మన పల్లెలకు ఏమీ తీసిపోవు.

అయితే తుప్పల్లో ఈ తుపాకి నిజంగా గెలిచేది ఎక్కడ? మోసేవాడి చేతిలో. 94 కార్బైన్, అంటే పొట్టి రకం రైఫిల్, బ్యారెల్ 20 అంగుళాలు, మొత్తం పొడవు దాదాపు 38 అంగుళాలు, బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. పక్కకు పొడుచుకొచ్చే బోల్టు పిడి ఉండదు, పొట్ట కింద మ్యాగజైన్ డబ్బా ఉండదు. రెండు పక్కలా చదునుగా ఉన్న ఆ ఇనుప పెట్టెను సరిగ్గా తూకం కుదిరే చోట నాలుగు వేళ్లతో చుట్టి పట్టుకోవచ్చు. ఒక చేత్తో వేలాడేసుకుని, రెండో చేత్తో ముళ్ల తీగను పక్కకు తప్పించి, నడుము వంచి కొమ్మ కింది నుంచి దూరిపోవచ్చు. భుజానికి ఎత్తేటప్పుడు తీగ దేన్నీ పట్టుకోదు, ఎత్తే దారిలోనే బొటనవేలు హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, వెనక్కి లాగేస్తుంది. ఎడమచేతివాటం వాళ్లకూ లీవర్ ఒకేలా పనిచేస్తుంది. మూడు సెకన్లు మాత్రమే కనిపించే జింక విషయంలో ఇవన్నీ గుండు బరువు కన్నా ఎన్నో రెట్లు విలువైనవి.

రెండో దెబ్బ ఇంకో సుగుణం. తుపాకి మోత ఎటు నుంచి వచ్చిందో తెలియని జింక ఒక్కోసారి నాలుగు గంతులు వేసి ఆగి వెనక్కి చూస్తుంది. తుపాకి మడమను భుజం మీది నుంచి దించకుండా, కన్ను గురి మీది నుంచి తీయకుండా లీవర్ ఆడించేవాడికి ఆ క్షణం దక్కుతుంది. కొత్తవాళ్లు తుపాకిని నడుము దాకా దించి లీవర్ తిప్పుతారు, తలెత్తేసరికి అడవి ఖాళీ. కొందరు మొహమాటపడుతున్నట్టు సగం తోసి సగం లాగుతారు, దాంతో ఖాళీ తొడుగు సగంలో ఇరుక్కుంటుంది. లీవర్‌ను కిందికి అంత దాకా కొట్టాలి, పైకి అంత దాకా లాగాలి. పెన్సిల్వేనియా రాష్ట్రం జింక వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను, అంటే కాల్చిన వెంటనే తమంతట తామే కొత్త తూటా ఎక్కించుకునేవాటిని, అనుమతించదు. వెంటనే రెండో దెబ్బ కావాలనుకునేవాళ్లకు అక్కడ మిగిలినవి లీవర్ రకం, బ్యారెల్ కింది పిడిని వెనక్కీ ముందుకూ ఆడించే పంప్ రకం, అంతే. నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం అక్కడ రైఫిల్ వేట మొదలయ్యేది, ఆ రోజు పల్లెల్లో చాలా బడులకు సెలవు. 2019లో ఆరంభాన్ని శనివారానికి మార్చినప్పుడు పాతవాళ్లు బాగానే సణిగారు.

నిజానికి ఈ తుపాకికీ తుప్పలకూ పెళ్లి కుదిర్చింది గొడ్డలి. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లోని పాత అడవులను కలప వ్యాపారం ఊడ్చేసింది. మాంసం, తోలు అమ్ముకునే వేట వల్ల 1900 నాటికి దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఆ ఏడాదే వచ్చిన లేసీ చట్టం అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించకుండా కట్టడి చేసింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్లు, తూటాల మీద పన్నును వన్యప్రాణి సంరక్షణకు మళ్లించింది. ఈలోగా నరికిన నేలల్లో లేత చిగుళ్లతో తుప్పలు లేచాయి. జింకకు కావలసింది అదే: మేతా అక్కడే, దాక్కునే చోటూ అక్కడే. ఇప్పుడు వాటి సంఖ్య మూడు కోట్ల దరిదాపుల్లో ఉంటుంది. అడవి చిక్కబడి జింక తిరిగొచ్చే నాటికి ఊరి ఇనుప సామాన్ల కొట్లో అందుబాటు ధరకు దొరుకుతున్న రైఫిల్ ఇదే. పది లక్షలవ 94ను 1927లో అధ్యక్షుడు కూలిడ్జ్‌కు బహూకరించారు. 2006లో విన్‌చెస్టర్ వారి న్యూ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడే లోపు తయారైనవి 70 లక్షల పైచిలుకు. ఇన్ని తుపాకులు ఇంత తుప్పలోకి వెళ్లినప్పుడు ఎక్కువ జింకలు వాటికే పడటంలో వింత లేదు. అది గుండు మహిమ అనుకోవడమే వింత.

గురిచూసే సాధనం దగ్గర మరో పాత పట్టుదల ఉంది. తుప్పల తుపాకికి ఇనుప గురి తప్ప మరేదీ తగదని, దూరదర్శిని, అంటే స్కోపు, బిగిస్తే దాని సొగసు పోతుందని అంటారు. సొగసు మాట ఒప్పుకోవచ్చు. పాత 94లో ఖాళీ తొడుగు నెత్తి మీది నుంచే ఎగిరిపడుతుంది కాబట్టి పైన స్కోపు బిగించే వీలు కూడా ఉండేది కాదు. మార్లిన్‌లో అది పక్కకు పడుతుంది, అక్కడ ఆ ఇబ్బంది లేదు. కానీ ఇనుప గురిలోని ముందు పూస అంత దూరంలో సన్న కొమ్మలను పూర్తిగా కప్పేస్తుంది. ఒకటి నుంచి నాలుగు రెట్లు పెద్దదిగా చూపే చిన్న స్కోపు అదే చోట పుల్లలనూ, వాటి మధ్య అరచేయంత సందునూ విడివిడిగా చూపిస్తుంది. గుండును పోనివ్వాల్సింది ఆ సందులోంచే. తొమ్మిది రెట్ల స్కోపు పెట్టుకుంటే ఇరవై గజాల్లో గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ కనబడవు.

స్కోపుతోనూ ఒక మోసం ఉంది. కన్ను చూసే గీత బ్యారెల్‌కు నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది. పడిపోయిన దుంగ చాటున కూర్చుని గురిచూస్తే అద్దంలో దారంతా నిర్మలంగా ఉంటుంది. తుపాకి మూతికి మూరెడు దూరంలో దుంగ నుంచి లేచిన పుల్ల మాత్రం అద్దానికి అందనంత దగ్గరగా, మసకలో కలిసిపోయి ఉంటుంది. గుండు వెళ్లి దానికే తగులుతుంది. పై లెక్క ప్రకారం గుండును దారి తప్పించడానికి పుల్లకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

పొదల్లో తిరిగేవాడు తుపాకి కన్నా ముందు నేర్చుకోవాల్సింది నడక. గాలికి ఎదురుగా, గంటకు నాలుగైదు వందల మీటర్లు మించకుండా, కొన్ని అడుగులు వేసి కాసేపు కదలకుండా నిలబడి చూసే నడక అది. ఎండిన ఆకుల మీద అది కూడా సాగదు. వాన వెలిసిన మర్నాడో, మెత్తని మంచు పడ్డప్పుడో వెళ్లాలి. కదిలినదల్లా జింక కాదన్నది కూడా అక్కడే గుర్తుండాలి, తుప్పల్లో తోటి వేటగాడు కూడా ముక్కలుగానే కనిపిస్తాడు. చాలా రాష్ట్రాల్లో ఒంటి మీద మెరిసే నారింజ రంగు తప్పనిసరి చేసింది అందుకే. మనిషి కంటికి అరమైలు నుంచి కొట్టొచ్చినట్టు కనిపించే ఆ రంగు జింక కంటికి చుట్టూ ఉన్న ఆకుల్లో కలిసిపోతుంది. లీవర్ రైఫిల్‌తో ఇంకో జాగ్రత్త ఉంది. ఎత్తిన హ్యామర్‌ను కాల్చకుండా దించాలంటే దాన్ని బొటనవేలితో ఆపి పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా కిందికి జార్చాలి. చలికి కొంకర్లుపోయిన వేలు, పైగా ఉన్ని తొడుగు. జారితే తూటా పేలుతుంది. పాతవాళ్లు ఆ పని చేసేటప్పుడు బ్యారెల్‌ను నేలకేసి పట్టుకునేవారు. 1980ల నుంచి మార్లిన్ రైఫిళ్లకు అదనపు తాళం బిగిస్తుంటే దాన్ని చూసి ముఖం చిట్లించుకున్నదీ వీళ్లే.

అమెరికాలో స్థిరపడుతున్న తెలుగువాళ్లకు ఇందులో ఒక చట్టపు ముడి తగులుతుంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మాత్రం అది మినహాయింపు. ఇంకో చిత్రం టెక్సస్‌లో ఉంది. 1930ల్లో మన చుక్కల దుప్పులను తీసుకెళ్లి అక్కడి గడ్డిభూముల్లో వదిలారు. అవి హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతంలోని జునిపర్ తుప్పల్లో స్థిరపడి మందలు కట్టాయి. పరాయి జంతువు కాబట్టి వాటి వేటకు కాలపరిమితి లేదు, ఏడాదంతా వేటాడవచ్చు. అదే దుప్పిని నల్లమలలో వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు.

కాల్చాక, జింక కనబడకుండా పోతే, తుప్పల్లో పని అప్పుడే మొదలవుతుంది. నిలబడ్డ చోటు వదలకుండా ఆ గీతను కళ్లలో పెట్టుకుని, కాలి దగ్గర ఒక గుర్తు పెట్టి, అరగంట ఆగాలి. తర్వాత నేరుగా జింక నిలబడ్డ చోటికి పరుగెత్తకుండా, గుండు పోయిన దారి వెంట ఒక్కో కొమ్మా చూసుకుంటూ నడవాలి. పచ్చి కొమ్మ తెగితే లోపలి చెక్క తెల్లగా తడిగా మెరుస్తుంది. అది జింక నిలబడ్డ చోటికి రెండడుగుల్లో ఉందా, పది గజాల్లో ఉందా? నేల మీద గులాబీరంగు నురగతో నెత్తురు ఉంటే గుండు ఊపిరితిత్తుల్లో దిగినట్టు, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. తెల్లటి వెంట్రుకలు, ముదురు నెత్తురులో పచ్చటి మేత మరకలు కనిపించి, తెగిన కొమ్మ పది గజాల వెనక ఉంటే వచ్చిన దారినే చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోవాలి. వెంటపడితే జింక లేచి మైళ్లు పోతుంది. గంటల తరబడి ఆగి, తోడుకు మరో మనిషిని తెచ్చుకుని, అప్పుడు వంగి ఆకు ఆకూ తిప్పి చూసుకుంటూ బయల్దేరాలి.